ఎర్రచుక్క సెట్లు

విశాఖ ఫిషింగ్ హార్బరులో ఏ బోటు వైర్‌లెస్ సెట్టు మంచిదో ఏది కాదో నిన్నమొన్నటి దాకా ఒక బల్బు తేల్చేది. కారు వెనక లైటులో ఉండేలాంటి బల్బు. తవిటయ్య దాన్ని ఒక చెక్కముక్కకి బిగించి, రెండు తీగలు లాగి, బల్ల మీద పెట్టుకున్నాడు. బాగుచేసిన సెట్టుకి ఏరియల్ తగిలించే చోట ఆ తీగలు తగిలించి మైకు బటన్ నొక్కేవాడు. బల్బు ఎర్రగా మినుకుమంటే సెట్టు నీరసం. పసుపుగా వెలిగితే ఫరవాలేదు. కళ్ళు చెదిరేలా తెల్లగా వెలిగితే బోటు డ్రైవరు మొహం చూడాలి, కొడుకు ఫస్టు క్లాసులో పాసైనట్టే. పక్క బోటువాడు అది విని మర్నాడే తన సెట్టు చంకన పెట్టుకుని వచ్చేవాడు, తనది ఇంకా తెల్లగా వెలిగించమని.

ఇదంతా నేను రోజూ చూసినదే. మా రెండు కొట్లకీ మధ్య ఉన్నది ఒకే గోడ. నేను తాళ్ళు, వలనూలు, సీసం గుళ్ళు అమ్ముతాను. మాది గోదావరి వైపు, వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. నా పేరు సత్యం. పేరుకి నేనెంత తగినవాణ్ణో చివరికి మీరే చూస్తారు.

తవిటయ్యది బొబ్బిలి దగ్గర పల్లె. వాళ్ళ నాన్నకి కాలవ చిట్టచివర ఎకరన్నర పొలం. పైవాళ్ళ పొలాలన్నీ తడిసి, మిగిలితే వీళ్ళకి నీళ్ళు. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని నీళ్ళకోసం ఎదురుచూడటమే తన చదువని చెప్పేవాడు. పదిహేడో ఏట విశాఖ వచ్చి ద్వారకానగర్‌లో గురునాథరావు గారనే పెద్దాయన రేడియో షాపులో చేరాడు. టంకం పెట్టడం, తీగ చుట్టడం, కాలిపోయిన భాగాన్ని వాసన చూసి పట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. ఆయన పోయాక హార్బరుకి వచ్చి సొంత కొట్టు పెట్టాడు. ఇప్పుడు యాభై దాటాయి. పెందుర్తి నుంచి రోజూ పొద్దున్నే మోటార్ సైకిలు మీద వస్తాడు. ఎదుటివాడు పెద్దగా మాట్లాడితే తను మెల్లగా మాట్లాడతాడు. పని మీద మాత్రం గర్వం ఉండేది. ఉండేదనే అంటున్నాను.

ఆ గర్వానికి గుర్తు ఎర్రచుక్క. సెట్టు లోపల సన్నటి మరలు కొన్ని ఉంటాయి. బల్బుకేసి చూస్తూ వాటిని తిప్పేవాడు, వెలుగు ఇంక పెరగదనేదాకా. బోటు ఇంజను అదురుకి మర వదులవకుండా దాని నెత్తిన వాళ్ళావిడ చిలకమ్మ గోళ్ళ రంగు ఒక చుక్క వేసేవాడు. మా జెట్టీకి కట్టే నలభై నాలుగు బోట్లలో నలభై మూడింటికి ఎర్రచుక్క సెట్లు ఉండేవి. "మాది ఎర్రసుక్క సెట్టు" అని డ్రైవర్లు చెప్పుకునేవారు. అది విన్నప్పుడల్లా తవిటయ్య బల్ల మీదికి వంగి, నవ్వు కనబడకుండా దాచుకునేవాడు.

మరలు తిప్పడమే కాదు, ఇంకొకటి కూడా చేసేవాడు. సెట్టులోంచి పలుకు బయటికి పోయే దారిలో చిన్న రేకు డబ్బా ఉంటుంది. ఫిల్టరంటారు. అది జల్లెడ పని చేస్తుంది. మనం మాట్లాడే చానల్ మాటని పోనిచ్చి, దాంతోపాటు పుట్టిన చెత్తని ఆపుతుంది. ఎంత ఖరీదైన సెట్టులోనైనా ఆ చెత్త కొంత పుట్టి తీరుతుందట, దాన్ని బయటికి పోనివ్వకపోవడమే పనితనమట. ఇవన్నీ నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలిసిందల్లా, ఆ డబ్బాకి అడ్డంగా ఒక తీగముక్క టంకం పెడితే బల్బు ఇంకా తెల్లబడుతుందని. తవిటయ్య అది కనిపెట్టిన రోజున నాకు టీ ఇప్పించాడు.

సముద్రం మీద పదహారో చానల్ ఆపదల చానల్. ప్రాణం మీదికొస్తే అందులో పిలవాలి, మిగతా బోట్లన్నీ దానికి చెవి అప్పగించి ఉండాలి. మూడు నాలుగేళ్ళుగా ఆ పదహారులో ఒకటే గుర్రు, పాత ఫ్యాను తిరిగినట్టు. వినలేక డ్రైవర్లు దాని గొంతు తగ్గించేసి, వేరే చానళ్ళలో చేపల ధరలూ, ఇంటి కబుర్లూ చెప్పుకునేవారు. గుర్రు ఎందుకొస్తోందని అడిగితే తవిటయ్య, "పెద్ద ఓడలు బావా. ఆల రాడార్లు అలాగే ఉంటాయి" అనేవాడు. అబద్ధం కాదు, నిజంగానే అలా అనుకున్నాడు.

ఎర్రచుక్క వద్దన్న మనిషి ఒక్కతే, జోగమ్మ. మొగుడు పోయాక ఒక్క బోటుని చేతిలో పెట్టుకుని నెట్టుకొచ్చింది. పొద్దున్నే జెట్టీ మీద చేపల వేలంపాట పాడితే ఆవిడ గొంతు ఐసు ఫ్యాక్టరీ దాకా వినబడేది. తవిటయ్య రెండుసార్లు అడిగాడు, సెట్టు ఇమ్మని.

"కంపెనోడు బిగించిన మర నువ్వెందుకు తిప్పడం తవిటయ్యా? బాగానే పలుకుతాంది గదా, ఒగ్గీ" అంది.

పోయిన ఆగస్టులో ఆవిడ కొడుకు రాము బోటు మీద ఉన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు. భీమిలికి ఎదురుగా, ఒడ్డుకి చాలా దూరంలో వల లాగుతుంటే తాడు తెగింది. తెగిన తాడు రాము కుడిచేతిని వల తాడు చుట్టే వించి చక్రంలోకి లాక్కుపోయింది. తాడు రెండో కొస నీళ్ళలో పడి ప్రొపెల్లరుకి చుట్టుకుంది, ఇంజను ఆగిపోయింది. బోటులో వాళ్ళు పదహారులో పిలిచారు. ఒకసారి కాదు, రెండున్నర గంటలు పిలిచారు. ఐదారు కిలోమీటర్ల లోపు పన్నెండు బోట్లు ఉన్నాయి. ఒక్కటీ పలకలేదు. చివరికి ఒక బోటువాళ్ళు దూరంనుంచి ఊపుతున్న చొక్కా చూసి వచ్చారు. ఆస్పత్రికి చేరేసరికి చెయ్యి నల్లబడిపోయింది. మణికట్టు పైదాకా తీసేశారు.

మర్నాడు నా కొట్టు ముందు పదిమంది పోగయ్యారు. అందరిదీ ఒకటే ప్రశ్న, అన్ని బోట్లుండగా ఎందుకు వినబడలేదని. నాకు తెలియని విషయం మీద మాట్లాడకుండా ఉండటం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు లేదు. అన్నాను: "జోగమ్మ మొండితనం కొడుకు చెయ్యి తినేసింది. తవిటయ్య చేత బల్బు వెలిగించుకుని ఉంటే ఆ చెయ్యి మిగిలేది."

మాట బాగా కుదిరిందని నాకే అనిపించింది. తవిటయ్య తన గుమ్మంలో నిలబడి, "నాను సెప్తూనే ఉన్నాను మరి" అన్నాడు. సాయంత్రానికి ఆ మాట, నాదో అతనిదో తేడా లేకుండా, హార్బరంతా తిరిగింది. వారం తిరిగేసరికి జోగమ్మ దాకా వెళ్ళిందని విన్నాను. ఆవిడ ఎవరితోనూ పోట్లాడలేదు. "అవును, నా మొండితనమే" అందట. ఆ తరవాత జెట్టీ మీదికి రావడం మానేసింది. పాట వేరేవాళ్ళు పాడారు. గొంతు లేక జెట్టీ బోసిపోయిందని నేనే నలుగురిలో జాలిపడ్డాను కూడా. సిగ్గులేని జన్మ.

ఇక్కడ ఏప్రిల్ మధ్యనుంచి జూన్ పద్నాలుగు దాకా వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని బోట్లన్నీ కట్టేస్తారు. రంగులు వేసుకోవడం, ఇంజన్లు విప్పుకోవడం, వలలు కుట్టుకోవడం అప్పుడే. ఈ ఏడు మే నెలలో వైర్‌లెస్ తనిఖీ ఆఫీసు నుంచి ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది, దేవిశ్రీ అని. పోర్టు బయట లంగరేసే ఓడలవాళ్ళు పదహారులో గుర్రు భరించలేక ఫిర్యాదు పెట్టారట. ఆ అమ్మాయి చెప్పిన లెక్క తేలిగ్గా ఉంది. నిషేధం మొదలై బోట్లు ఆగిపోయిన రోజునే గుర్రు కూడా ఆగిపోయింది. కాబట్టి అది ఓడలది కాదు, బోట్లది.

చేతిలో టిఫిన్ డబ్బా అంత మిషను, దానికో తెర. మొదటి బోటు ఎక్కి సెట్టుకి తగిలించి బటన్ నొక్కించింది. జనంతోపాటు తవిటయ్యా నేనూ గట్టు మీదినుంచి వంగి చూస్తున్నాం. తెర మీద నడిమధ్య ఒక పొడుగు గీత లేచింది. దానికి అటూ ఇటూ పొట్టి గీతలు పొలంలో కలుపులా వరసగా లేచాయి.

"ఇది మీరు మాట్లాడుతున్న చానల్," అంది దేవిశ్రీ డ్రైవరుతో, పొడుగు గీత చూపించి. "మిగతావన్నీ మీ సెట్టు కక్కుతున్న చెత్త. ఇదిగో, ఇది సరిగ్గా పదహారు మీద పడింది. మీరు ఇక్కడ కబుర్లు చెప్పుకుంటున్నంతసేపూ చుట్టుపక్కల బోట్లలో పదహారు గుర్రుమంటుంది. అందులో ఎవరు పిలిచినా వాళ్ళకి వినబడదు."

తవిటయ్య ఒక అడుగు ముందుకి వేశాడు. "బల్బు తెల్లగా ఎలుగుతాది కదమ్మా? పవరు ఎక్కువున్నట్టే గదా?"

"బల్బుకి ఏది మాటో ఏది చెత్తో తెలీదండీ. రెండూ కలిపి వెలుగుతుంది."

ఆ అమ్మాయి సెట్టు మూత విప్పింది. డబ్బా మీద తీగముక్క చూసింది, మరలు చూసింది. "గుర్తు దాటించి తిప్పేశారు. ఈ ఎర్రచుక్క ఎవరిది?"

హార్బరులో మాలో మేము ఎన్ని అనుకున్నా ఆఫీసువాళ్ళ ముందు ఒకణ్ణి చూపించం. తవిటయ్య నోరు తెరిచాడు. అంతలో నేను తగుదునమ్మా అని, "కంపెనీ నుంచే అలా వస్తాయండీ" అన్నాను. తవిటయ్య తెరిచిన నోరు మూసుకున్నాడు.

ఆరు బోట్లు చూశాక చుక్కలేని సెట్టు ఒకటైనా ఉందా అని అడిగితే రాము బోటు చూపించారు. రాము అక్కడే ఉన్నాడు. వలని కాలి బొటనవేలికి తగిలించి, ఎడమచేత్తో కుడుతున్నాడు. "మా సెట్టు నీరసం మేడం. అందరూ అంటారు" అని తనే చెప్పాడు.

తెర మీద ఒకటే గీత లేచింది. నిటారుగా, ఒంటరిగా. అటూ ఇటూ ఏమీ లేదు.

"నీరసం కాదండీ. ఇవాళ చూసిన వాటిలో సరిగ్గా ఉన్నది ఇదొక్కటే" అంది దేవిశ్రీ.

రాము ఏదో అడగబోయి ఆగిపోయాడు. మళ్ళీ వలలోకి వంగాడు. నేను పక్కకి తిరిగి చూస్తే తవిటయ్య లేడు.

కొట్లో షట్టరు సగం దించి, బల్బుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూడకుండానే మాట్లాడాడు.

"మా కాలవలో ఇలాగే అయ్యేది బావా. పైనోడు గట్టు కొట్టీసేవోడు. ఆడి మడి నిండా నీరు, సూసినోడికి ఎంత నీరొచ్చినాదో అనిపిస్తాది. సివర మా మడి ఎండిపోనాది. జీవితమంతా ఆ పైనోణ్ణి తిట్టుకున్నాను. ఇప్పుడు సూత్తే నానే ఆడిని."

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"మా గురువుగారు సెప్పీవారు. బల్బు పవరు ఉందో లేదో సెప్తాదిరా, మంచిదో కాదో సెప్పదు అని. ఆ మాట ఇన్నాను గాని, బల్బు ఎలుగుతుంటే మరిసిపోనాను." బల్బుని బల్ల మీద పెట్టి అన్నాడు, "రాము పిలిసినప్పుడు ఆ సుట్టూ ఉన్న పన్నెండు బోట్లూ నావే. లెక్కేసాను."

అప్పుడు నేనిచ్చిన సలహా ఇది: "నోరు మూసుకో బావా. ఆ అమ్మాయి రిపోర్టు రాసుకుని పోతుంది. నువ్వు ఉచితంగా సర్వీసు చేస్తానని సెట్లు తెప్పించి, గుట్టుచప్పుడు కాకుండా మరలు వెనక్కి తిప్పెయ్. అటు పనీ అవుతుంది, ఇటు పరువూ మిగులుతుంది."

అతనికీ అదే బాగుందనిపించింది. సిగ్గుపడ్డ మనిషికి దాక్కోడానికి ఎంత సందు దొరికినా చాలు. మర్నాటినుంచి జెట్టీ వెంట తిరిగాడు. నాలుగు రోజుల్లో రెండు సెట్లు ఇచ్చారు. మొదటిదాన్ని సరిచేసి ఇస్తే డ్రైవరు బల్బు పెట్టి చూపించమన్నాడు. పసుపుగా వెలిగింది.

"ఇదేటి తవిటయ్యా, నీరసం సేసీసినావు? ముందునాగే తెల్లగా ఎలిగించు."

"ఇలాగే ఉండాల బాబూ."

"జోగమ్మ సెట్టునాగ సెయ్యమంటావేటి? నాకూ ఇద్దరు కొడుకులున్నారు."

ఆ సెట్టు వెనక్కి తీసుకుని మళ్ళీ మరలు తిప్పేదాకా వాడు కదల్లేదు. రెండోవాడూ అంతే. మిగతావాళ్ళు సెట్లు ముట్టుకోనివ్వలేదు. ప్రతివాడూ జోగమ్మ పేరే ఎత్తాడు. మేమిద్దరం వదిలిన మాట మా మొహానే వచ్చి కొట్టింది. జూన్ పద్నాలుగుతో నిషేధం అయిపోతుంది. పదిహేనున నలభై మూడు సెట్లూ సముద్రం మీదికి వెళ్ళి మళ్ళీ గుర్రుమంటాయి. అప్పుడు ఇంకో రాము పిలిస్తే? తవిటయ్య ఆ నాలుగు రోజులూ అన్నం కెరేజీ విప్పకుండానే ఇంటికి పట్టుకెళ్ళాడు.

ఐదో రోజు పొద్దున్న వచ్చి గోడ మీదినుంచి పిలిచాడు. "బావా, సెప్పీస్తాను. తిండి ఎందుకు తింటం లేదని అడిగితే సిలకమ్మకి రాత్రి సెప్పాను. ఇంట్లో సెప్పినావు గాని, సెప్పాల్సినోల్లు హార్బరులో ఉన్నారు గదా అంది."

"ఆ తరవాత నీ కొట్టుకి ఎవడొస్తాడు?"

"రాకపోతే మానీమను."

వలలు కుట్టే షెడ్డులో ఆ టైముకి అరవై డెబ్భై మంది ఉంటారు. తవిటయ్య బ్యాటరీ, బల్బు, రెండు సెట్లు మోసుకుని వెళ్ళాడు. ముందే జోగమ్మ ఇంటికి వెళ్ళి రమ్మని బతిమాలాడట, ఆవిడ కొంగు భుజాన కప్పుకుని ఒక స్తంభం పక్కన నిలబడింది. తొమ్మిది నెలల్లో మనిషి సగమైపోయింది. నేను నా కొట్టులోంచి చేతిలో ఉన్న తాడు కట్టతోనే వెళ్ళాను, పెట్టి వెళ్ళాలని కూడా తోచలేదు.

తవిటయ్య ఒక పెద్దాయన చేతికి చిన్న రేడియో ఇచ్చి పదహారు పెట్టించాడు. నిశ్శబ్దం. జోగమ్మ బోటు సెట్టుకి బల్బు తగిలించి బటన్ నొక్కాడు. బల్బు పసుపుగా వెలిగింది. రేడియోలో చడీచప్పుడూ లేదు. తరవాత ఎర్రచుక్క సెట్టుకి తగిలించి, వేరే చానలే పెట్టి, నొక్కాడు. బల్బు తెల్లగా జిగేల్మంది. అదే క్షణాన పెద్దాయన చేతిలోని పదహారు గుర్రుమంది. బటన్ వదిలితే గుర్రు ఆగింది. నొక్కితే వచ్చింది. అలా నాలుగుసార్లు చేశాడు.

"ఈ గుర్రు ఓడలది గాదు. నా సెట్లది," అన్నాడు. ఎప్పుడూ మెల్లగా మాట్లాడేవాడు, ఆ రోజు అందరికీ వినబడేలా అన్నాడు. "ఈ ఎలుగులో సగం సెత్త. నాకు తెలీక ఎలిగించాను. తెలీదంటే సరిపోదు, తెలుసుకోవలసినోణ్ణి నానే. రాము పిలిసినప్పుడు సుట్టూ ఉన్నవి నా సెట్లే. జోగమ్మప్ప సెట్టు నీరసం గాదు. మన జెట్టీ మొత్తానికి సక్కగా ఉన్నది అదొక్కటే."

షెడ్డులో సూదులు ఆగిపోయాయి. పెద్దాయన రేడియో కింద పెట్టి అడిగాడు, "మరి ఆ రోజు, జోగమ్మ మొండితనం కొడుకు సెయ్యి తినీసిందన్నారు. ఆ మాట ఏటి మరి?"

తవిటయ్య నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. నేల చూస్తూ అన్నాడు, "ఆ మాటా నాదే."

నేను తాడు కట్ట పట్టుకుని నిలబడ్డాను. నాలుక మీదికి మాట వచ్చింది. ఇప్పుడు ఇంకో మనిషి కూడా ఎందుకు, ఎలాగూ వాడి పరువు పోయింది కదా, అనుకున్నాను. సరిగ్గా ఆ మాటలతోనే అనుకున్నాను, దాన్ని మార్చి రాయను. ఇరవై ఆరేళ్ళ స్నేహాన్ని ముప్పై ఏళ్ళదని చెప్పుకుంటాను. ఆ స్నేహితుడు నా పాపం నెత్తినేసుకుంటుంటే గుడ్లప్పగించి చూశాను.

జోగమ్మ స్తంభం వదిలి ముందుకి వచ్చింది. "అయితే నా సెట్టు పలికినాదా?"

"పలికిందప్పా."

"మావోడు పిలిసింది సుట్టూ ఉన్నోల్ల దాకా ఎల్లినాదా?"

"ఎల్లింది. ఆలకి ఇనబడకుండా సేసింది నాను."

ఆవిడ కింద కూర్చుంది. ఎవరినీ చూడకుండా చెప్పింది. "తొమ్మిది నెల్లు ఆడికి అన్నం కలిపి ముద్దలు పెట్టినాను. ఒక్క పూటా ఆడి మొకం కేసి సూడ్నేదు. నా వల్లే పోయినాదని." తరవాత లేచి కొంగు దులుపుకుంది. "సెమించమని నన్నడక్కు తవిటయ్యా. నా దగ్గర అది నేదు. ముందు ఆ మరలన్నీ ఎనక్కి తిప్పు."

రాము ఆవిడ వెనకే నడిచాడు. పోతూ పోతూ తవిటయ్య ముందు ఒక్క క్షణం ఆగాడు. కొడతాడేమో అనుకున్నాను, తవిటయ్య కూడా అనుకున్నట్టున్నాడు, తప్పుకోలేదు. రాము ఎడమచేత్తో కింద పడ్డ మైకు తీసి సెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం నుంచే సెట్లు రావడం మొదలైంది. కొందరు తిడుతూ ఇచ్చారు, కొందరు బల్ల మీద పడేసి పోయారు. దేవిశ్రీకి కబురు తవిటయ్యే పంపాడు. ఆ అమ్మాయి మిషనుతో వచ్చి నిషేధం ముగియడానికి మిగిలిన పన్నెండు రోజుల్లో తొమ్మిది రోజులు అతని కొట్లోనే కూర్చుంది. తవిటయ్య తీగముక్క ఊడదీయడం, మరలు గుర్తు దగ్గరికి తేవడం, చెడిన తీగచుట్లు మార్చడం, ఆమె తెర మీద ఒంటి గీత చూసి తల ఊపడం. చుక్క రంగు బ్లేడుతో గీకేస్తుంటే ఎర్రటి పొడి బల్లంతా పడేది.

"మీ పేరు రిపోర్టులో రాయక తప్పదు తవిటయ్యగారూ" అంది మొదటి రోజే.

"రాయండమ్మా."

రాసింది. ఇప్పుడు అతను ఏ సెట్టు విప్పినా, వాళ్ళ ఆఫీసులో చూపించి సంతకం తెచ్చుకున్నాకే బోటుకి ఇవ్వాలి. వెళ్ళేముందు ఆ అమ్మాయి నా కొట్టు ముందు ఆగింది. "కంపెనీ నుంచే అలా వస్తాయన్నారు కదండీ మీరు" అంది, అంతే. నేను సీసం గుళ్ళు తూచడంలో మునిగిపోయినట్టు నటించాను.

జూన్ పద్నాలుగు మధ్యాహ్నానికి నలభై మూడోది అయింది. పదిహేను తెల్లవారుతూనే బోట్లన్నీ బారు తీరి వెళ్ళాయి. జోగమ్మ బోటూ వెళ్ళింది. రాము వించి దగ్గర కాదు, సెట్టు దగ్గర కూర్చున్నాడు. తవిటయ్య చిన్న రేడియోని పదహారులో పెట్టి గుమ్మంలో పెట్టుకున్నాడు. పొద్దెక్కినా అందులో గుర్రు లేదు. ఏ శబ్దమూ లేదు. అతను పని చెయ్యకుండా ఆ నిశ్శబ్దాన్నే విన్నాడు, మధ్యాహ్నం దాకా. నేను గోడకి ఇవతల కూర్చుని అదే విన్నాను. అంత చప్పుడు లేని చోట నా లోపలిది నాకు బాగా వినబడింది.

ఆ తరవాత తవిటయ్య నన్ను ఒక్క మాట అనలేదు. రోజూ "బావా" అనే పిలుస్తాడు, టీ పంచుకుంటాడు. అనివుంటే ఎదురు అనేవాణ్ణి, అలా తెగిపోయేది. అనకపోవడంతో నాకు తప్పించుకునే దారి లేకపోయింది. అతని కొట్టుకి వచ్చేవాళ్ళు సగమయ్యారు. వచ్చినవాళ్ళలో ఒకడు ఎగతాళిగా, "తల్లిని అలా అనడానికి నోరెలా వచ్చినాదిరా నీకు?" అని అడిగితే, గోడకి ఇవతల నాకు వినబడుతోందని తెలిసి కూడా, "తప్పయిపోనాది" అన్నాడు.

మర్నాడు జోగమ్మ నా కొట్టుకి తాడు కోసం వచ్చింది. మళ్ళీ జెట్టీ మీద పాట పాడుతోంది, గొంతు కొంచెం బొంగురుపోయింది. కట్ట తీసి ఇచ్చాను. ఆవిడ పురి విప్పి, రెండు చేతుల మధ్య లాగి చూస్తోంది. అప్పుడన్నాను.

"అక్కా, ఆ మాట తవిటయ్యది కాదండి. నాది."

ఆవిడ తాడు మీదినుంచి తల ఎత్తలేదు.

"తెలుసు," అంది. "ఆ పూట ఆస్పత్రికి కెరేజీ అట్టుకెల్తన్నాను, నీ కొట్టెనక సందులోంచి. నువ్వంటంటే ఇన్నాను."

"మరి షెడ్డులో, అందరి ముందూ, ఎందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు సెప్తావేమోనని సూసాను."

తాడు కట్టని నా ముందుకి తోసింది. "ఇది పీసు లేసిపోనాది. ఇంకోటి తీ" అంది. నేను లోపలికి వెళ్ళాను.